దశాంశాల హోంవర్క్: పాయింటు దగ్గర పిల్లలు ఎందుకు తప్పుతారు, ఇంట్లో ఎలా చెప్పాలి

దశాంశాల పాఠం మొదలైందంటే తెలిసినవాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. "కూడికలు, గుణకారాలు బాగానే చేసేవాడండీ, పాయింటు వచ్చేసరికి అన్నీ తప్పులే. ఎలా చెప్పాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఐదు, ఆరు, ఏడు తరగతుల పిల్లలున్న ఎవరికైనా ఇది సరిపోతుంది. మీకు లెక్కలు గుర్తులేకపోయినా టెన్షన్ పడకండి. పిల్లాడితో పాటు మీరూ చేసుకుంటూ పోవచ్చు.

ముందు ఒక్క మాట. పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే చోట పుడతాయి. పాయింటును వాళ్లు గోడ అనుకుంటారు. గోడకు ఎడమ పక్క ఒక లెక్క, కుడి పక్క ఇంకో లెక్క. రూపాయలు ఒకవైపు, పైసలు ఒకవైపు అన్నట్టు. ఈ గోడ పోతే సగం హోంవర్క్ అయిపోయినట్టే. కింద చెప్పే మొదటి మూడు పనులూ దానికోసమే. వాటిని దాటేసి నేరుగా గుణకారాల్లోకి దూకొద్దు.

కావాల్సినవి

- గళ్ల నోటుబుక్కు. రూళ్ల పుస్తకం వద్దు, అంకెలు పక్కకు జారిపోతాయి.
- పెన్సిలు, రబ్బరు, స్కేలు.
- గళ్ల కాగితం మీద గీసిన చదరం ఒకటి: అటు పది గళ్లు, ఇటు పది గళ్లు, మొత్తం వంద.
- కూరగాయలో, కిరాణా సామానో తూచి ఇచ్చిన బిల్లు ఒకటి.
- ఇరవై, ఇరవై ఐదు నిమిషాల సమయం. అంతకంటే ఎక్కువసేపు కూర్చోబెడితే ఇద్దరికీ కోపం వస్తుంది.

ఫోనులోని కాలిక్యులేటర్ ఆఖరున సరిచూసుకోవడానికి మాత్రమే. అప్పటిదాకా పక్క గదిలో ఉండనివ్వండి.

1. చెప్పడం మొదలుపెట్టకముందు అడగండి

ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసివ్వండి. తప్పు చేసినా ఏమీ అనకండి. "ఎలా వచ్చింది?" అని మాత్రం అడగండి.

- 0.5, 0.45 – ఏది పెద్దది?
- 0.3, 0.35 – ఏది పెద్దది?
- 0.3, 0.30 – ఏది పెద్దది?
- 0.9 + 0.1 ఎంత?

మొదటిదానికి 0.45 అంటే "నలభై ఐదు, ఐదు కంటే పెద్దది కదా" అనుకుంటున్నాడన్నమాట. గోడ ఉంది. నాలుగోదానికి 0.10 అన్నా అదే జబ్బు.

రెండో ప్రశ్న ఎందుకంటే, కొందరు పిల్లలు దీనికి సరిగ్గా ఉల్టా ఆలోచిస్తారు. "పాయింటు తర్వాత అంకెలు పెరిగేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయి, కాబట్టి పొడుగ్గా ఉన్నదే చిన్నది" అనుకుంటారు. వీళ్లు మొదటి ప్రశ్నకు 0.5 అని కరెక్టుగానే చెప్తారు, కారణం మాత్రం తప్పు. 0.3, 0.35 దగ్గర 0.3 పెద్దదని చెప్పి దొరికిపోతారు. మొదటి జవాబు ఒప్పయింది కదా అని మీరు ముందుకెళ్లిపోతే ఈ పిల్లల సంగతి ఎప్పటికీ బయటపడదు.

నాలుగూ ఒప్పయితే మూడో పని దాకా ఒకసారి చూసుకుని నాలుగో దానికి వెళ్లిపోండి.

2. చదివించండి

3.25ని మీ ఇంట్లో ఎలా చదువుతారు? "మూడు పాయింట్ ఇరవై ఐదు" అంటే ఈ రోజే మానేయండి. "మూడు పాయింట్ రెండు ఐదు" అనాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పిల్లాడి బుర్రలో ఆ గోడ కట్టేది ఈ "ఇరవై ఐదే". ఇరవై ఐదు అని చదివినవాడికి అది ఐదు కంటే పెద్దదిగా వినిపించక ఏం చేస్తుంది?

తర్వాత అంకె అంకెకూ పేరు చెప్పించండి. 3 ఒకట్లు, 2 పదోవంతులు, 5 వందోవంతులు. ఇక్కడే వంద గళ్ల చదరం బయటికి తీయండి. చదరం మొత్తం 1. ఒక నిలువు వరుస పదోవంతు, అంటే 0.1. ఒక్క గడి వందోవంతు, 0.01. ఇప్పుడు 0.45కి రంగు వేయమనండి. నాలుగు వరుసలు, ఇంకో ఐదు గళ్లు నింపుతాడు. పక్కన ఇంకో చదరంలో 0.5కి ఐదు వరుసలు నింపమనండి. ఏది పెద్దదో మీరు చెప్పక్కర్లేదు.

0.9 + 0.1 కూడా ఇలాగే. తొమ్మిది వరుసలకు ఇంకో వరుస కలిస్తే చదరం నిండిపోయింది, 1 అయింది. పది ఒకట్లు కలిస్తే ఒక పది అయినట్టే, పది పదోవంతులు కలిస్తే ఒకటి. గోడ ఉంటే ఆ ఒకటి ఎడమవైపుకి దాటేది కాదు.

రూపాయలు, పైసలతో చెప్పొచ్చు కదా అని అడుగుతారు. మా తరానికి అలాగే చెప్పారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసల లెక్క వచ్చింది, అంతకుముందు 16 అణాలు. దశాంశాలు చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ ఉండదనే అందరం అనుకున్నాం. కానీ 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేశాయి. మీ ఆరో తరగతి పిల్లాడు అప్పటికి పుట్టనే లేదు. చేత్తో పట్టుకోని పైసతో పదోవంతు ఏం అర్థమవుతుంది? పైగా డబ్బు లెక్కలో పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే. 2.5 రూపాయలంటే రెండు రూపాయల ఐదు పైసలు అనే పిల్లలు తక్కువేం లేరు.

నాకు ఎక్కువ పనికొచ్చింది కూరగాయల కొట్లో ఉండే ఎలక్ట్రానిక్ కాటా. అందులో పావుకిలో 0.250, అరకిలో 0.500, ముప్పావు 0.750, కిలోంపావు 1.250. పావు, అర, ముప్పావు మన పిల్లలు రోజూ వినే మాటలే. ఈసారి బజారుకు తీసుకెళ్లి కాటా మీద అంకెలు వాడితోనే చదివించండి.

జాగ్రత్త: కాటాతోనూ గోడ కట్టేసుకునే ప్రమాదం ఉంది. 1.25 కిలోలు రాసి ఎన్ని గ్రాములో అడగండి. "కిలో ఇరవై ఐదు గ్రాములు" అంటే మళ్లీ చదరం దగ్గరికి. 1.25 అంటే కిలో 250 గ్రాములు. కిలో 25 గ్రాములు రాయాలంటే 1.025.

3. పోల్చడం

ఇది సులువు. పాయింటు తర్వాత అంకెలు సమానంగా లేకపోతే చివర సున్నాలు చేర్చి సమానం చేయించండి. 0.6, 0.58, 0.605 ఇస్తే 0.600, 0.580, 0.605 అని రాసుకోవాలి. ఇక వరుస కట్టడం చిటికెలో పని: 0.58, 0.6, 0.605.

చివర సున్నా చేరిస్తే విలువ మారదు, మధ్యలో చేరిస్తే మారుతుంది. 0.3, 0.30 ఒకటే. 0.3, 0.03 ఒకటి కాదు. ఈ రెండూ పక్కపక్కనే రాసి చదరాల్లో రంగు వేయిస్తే మళ్లీ చెప్పక్కర్లేదు.

ఆటలంటే ఇష్టమున్న పిల్లలకు ఒక ప్రశ్న. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో వంద మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో పూర్తిచేసి జాతీయ రికార్డు పెట్టింది. ఆ పరుగులో ఇంకొకరు 12.8 సెకన్లలో వచ్చారనుకుందాం. ముందు ఎవరొచ్చినట్టు? ఇక్కడ రెండు చిక్కులున్నాయి: ఏది తక్కువో తెలియాలి, తక్కువ టైమే గెలుపని గుర్తుండాలి.

4. కూడికలు, తీసివేతలు

సూత్రం ఒక్కటే, పాయింటు కింద పాయింటు. చివరి అంకె కింద చివరి అంకె పెట్టే పాత అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. 12.5 + 3.75 + 8 ఇచ్చి చూడండి. 8ని తీసుకెళ్లి చివరి అంకె కింద పడేస్తారు. పాయింటు లేని సంఖ్యకు చివర పాయింటు ఉందనే లెక్క, 8 అంటే 8.00. ఇలా రాయించండి:

12.50
 3.75
 8.00
———
24.25

ఒక్కో గడిలో ఒక్కో అంకె, పాయింటుకూ సొంత గడి. గళ్ల పుస్తకం తెమ్మన్నది ఇందుకే. ముందు పాయింట్లన్నీ ఒకే నిలువు వరుసలో పెట్టించి, తర్వాత అంకెలు రాయిస్తే తప్పు రావడానికి దారే ఉండదు.

తీసివేతలో ఎక్కువమంది పడేది ఇలాంటి చోట: 10 – 3.64. చాలామంది 7.64 అంటారు. పదిలోంచి మూడు పోతే ఏడు, మిగతా 64ని కిందికి దింపేశారు. పైన ఏమీ లేదు కదా, ఇక తీసేదేముంది అని. 10.00 అని రాయించి, అప్పు తెచ్చుకుంటూ చేయించండి, 6.36 వస్తుంది. సరిచూడ్డం: 6.36 + 3.64 = 10. తీసివేత చేసిన ప్రతిసారీ ఈ కూడిక చేయడం అలవాటైతే పరీక్షలో మార్కులు పోవు.

5. గుణకారం

ఇక్కడికి రాగానే పిల్లలు పాయింటు కింద పాయింటు పెట్టడం మొదలుపెడతారు, అప్పుడే నేర్చుకున్నారు కాబట్టి. గుణకారానికి అది అక్కర్లేదు. పాయింట్లను కాసేపు మర్చిపోవాలి.

2.4 × 1.3 తీసుకోండి. ముందు అంచనా. 2.4 రెండు, మూడు మధ్య ఉంది. 1.3 ఒకటి, రెండు మధ్య ఉంది. కాబట్టి జవాబు 2 కంటే ఎక్కువ, 6 కంటే తక్కువ. ఇది నోటుబుక్కు అంచున రాయించండి. ఇప్పుడు 24 × 13 = 312. పాయింటు తర్వాత ఇందులో ఒక అంకె, అందులో ఒక అంకె, మొత్తం రెండు. కుడి నుంచి రెండంకెలు లెక్కపెట్టి పాయింటు పెడితే 3.12. అంచనాలోనే ఉంది. 31.2 వచ్చి ఉంటే పిల్లాడే పట్టుకుంటాడు, మీరు చెప్పక్కర్లేదు.

గుణకారంలో మూడు చోట్ల కనిపెట్టి ఉండండి.

ఒకటి, 0.3 × 0.2. పిల్లలు 0.6 అంటారు. అంకెలు లెక్కపెట్టిస్తే 0.06 వస్తుంది, కానీ నమ్మరు. "గుణిస్తే పెరగాలి కదమ్మా, తగ్గిందేంటి?" అని అడుగుతారు. ఇది చాలా మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. అరలో సగం ఎంత అని అడగండి. పావు. అంటే 0.5 × 0.5 = 0.25. ఒకటి కంటే తక్కువైన దానితో గుణించడమంటే అందులో కొంత భాగమే తీసుకోవడం, తగ్గక ఏమవుతుంది?

రెండు, చివరి సున్నాలు. 0.25 × 0.4లో 25 × 4 = 100. మొత్తం మూడు అంకెలు లెక్కపెట్టాలి, 0.100 అవుతుంది, అంటే 0.1. కొందరు ముందే "ఈ సున్నాలకు విలువ లేదు" అని కొట్టేసి, మిగిలిన 1కి మూడు స్థానాలు పెట్టి 0.001 రాస్తారు. పాయింటు పెట్టాకే సున్నా తీయాలి. ఈ తప్పును పట్టుకోవడం పెద్దవాళ్లకూ కష్టమే, నేను కూడా ఒకసారి ఎక్కడ పోయిందా అని పది నిమిషాలు వెతికాను.

మూడు, పదితో గుణించడం. చిన్న తరగతుల్లో "పదితో గుణిస్తే చివర సున్నా పెట్టు" అని మనమే నేర్పాం. ఆ మాట పట్టుకుని 3.4 × 10 = 3.40 అంటారు. 3.40 అంటే మళ్లీ 3.4 కదా, ఏం మారింది? అంకెలన్నీ ఒక స్థానం పెద్దవవుతాయి: పదోవంతుల్లో ఉన్న 4 ఒకట్లలోకి వస్తుంది, ఒకట్లలో ఉన్న 3 పదుల్లోకి వెళ్తుంది. 34. వందతో అయితే రెండు స్థానాలు, 340.

6. భాగహారం

మామూలు సంఖ్యతో భాగించేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. భాగిస్తూ పాయింటు దాటినప్పుడు పైన జవాబులోనూ పాయింటు పెట్టేయాలి. 7.2 ÷ 4 = 1.8.

జారిపోయేది మధ్యలో సున్నా. 6.12 ÷ 6 చేయించండి. 6లో 6 ఒకసారి, పాయింటు, తర్వాత 1 దిగింది. 1లో 6 పోదు, అక్కడ 0 పెట్టాలి. అది మర్చిపోయి నేరుగా 12 దింపి 1.2 రాస్తారు. జవాబు 1.02. తిప్పి గుణిస్తే బయటపడుతుంది: 1.2 × 6 = 7.2, మనకు కావాల్సింది 6.12.

దశాంశంతో భాగించాల్సి వస్తే భాగించే సంఖ్యలో పాయింటు పోయేదాకా రెంటినీ పదితోనో వందతోనో గుణించాలి. 4.5 ÷ 0.15 అంటే 450 ÷ 15, అంటే 30. ఒకదాన్నే గుణించి రెండోదాన్ని వదిలేయడం ఇక్కడ మామూలు తప్పు. "ఇంత పెద్ద జవాబా?" అంటే 0.15 లీటర్ల గ్లాసుతో 4.5 లీటర్ల మజ్జిగ ఎన్ని గ్లాసులకు వస్తుందో ఊహించుకోమనండి.

భిన్నాన్ని దశాంశంగా మార్చడం కూడా భాగహారమే. మూడు బై ఐదుని 3.5 అని రాసేస్తారు, గీత తీసి పాయింటు పెట్టినట్టు. 3 ÷ 5 = 0.6. అది ఒకటి కంటే తక్కువని ముందే చెప్పించండి.

7. సరిచూడ్డం

ప్రతి లెక్కకూ మూడు పనులు, ఈ వరుసలోనే. చేయకముందు అంచనా. చేశాక తిప్పి చేయడం: కూడికకు తీసివేత, భాగహారానికి గుణకారం. రాత లెక్కయితే జవాబుని మామూలు మాటల్లో చెప్పించడం. కిలో టమాటా 36 రూపాయలైతే 1.250 కిలోలకు 45 రూపాయలు. "కిలోకి ముప్పై ఆరు, పావుకి తొమ్మిది" అని నోటితో వేసుకున్నా అంతే వస్తుంది. 4.5 రూపాయలనో 450 రూపాయలనో వస్తే ఏ కొట్టువాడూ ఒప్పుకోడు. ఇవన్నీ అయ్యాకే కాలిక్యులేటర్.

పాయింటులా కనిపించే వేరే చుక్కలు

పిల్లలు గోడ ఎక్కడి నుంచి తెస్తారో ఆలోచిస్తే, చుట్టూ నిజంగానే గోడ చుక్కలున్నాయి. వాటిని విడదీసి చెప్పకపోతే తప్పు వాళ్లది కాదు.

క్రికెట్ చూసే ఇంట్లో ముందు ఓవర్ల సంగతి తేల్చాలి. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు. ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి అసలు దశాంశంలో అది 4.5. ఆ సమయానికి 36 పరుగులు కొట్టి ఉంటే రన్‌రేట్ 36 ÷ 4.5 = 8. పిల్లలు 4.3తో భాగించి టీవీలో వచ్చిన సంఖ్య ఎందుకు రాలేదని తల పట్టుకుంటారు. గడియారం సంగతీ ఇంతే, 1.30 గంటలంటే గంటన్నర, దశాంశంలో 1.5. ఎత్తు 5.10 అని రాస్తే ఐదడుగుల పది అంగుళాలు, అది 5.9 కంటే ఎక్కువ. లెక్కల పుస్తకంలోనే అభ్యాసం 5.9 తర్వాత 5.10 వస్తుంది.

భూమి కాగితాల్లో ఇంకా తమాషా ఉంది. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. అక్కడ 1.30 అంటే ఎకరం ముప్పై గుంటలు. దానికి 1.20 కలిపితే మూడెకరాల పది గుంటలు, అంటే 3.10. ఆంధ్రలో ఎకరాకు వంద సెంట్లు, 1.30కి 1.20 కలిపితే 2.50, అచ్చమైన దశాంశం. తాతయ్య చేతిలోని కాగితం ఏ జిల్లాదో తెలిస్తేనే జవాబు తెలుస్తుంది! ఏడో తరగతి పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన వేసి చూపించండి, బాగా ఎక్కుతుంది.

మనవలు జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల చదువుతుంటే వీడియో కాల్లో ఇంకో సంగతి గమనించండి. అక్కడి బడుల్లో పాయింటు బదులు కామా పెడతారు, 3.25ని 3,25 అని రాస్తారు. తప్పని దిద్దకండి.

"మా సార్ ఇలా చెప్పలేదు" అంటే

ఈ మాట ఎవరింట్లోనైనా వస్తుంది. పట్టు పట్టకండి. నోటుబుక్కులో సార్ చెప్పిన పద్ధతిలోనే రాయనివ్వండి, మీ పద్ధతి రఫ్‌లో సరిచూసుకోవడానికి వాడండి. రెండు దార్లలోనూ ఒకే జవాబు వచ్చిందంటే పిల్లాడికి అంతకంటే ధైర్యం ఏముంటుంది? ఇక "ఇంత సింపుల్‌ది రాదా" అనే మాట నోటిదాకా వస్తే ఆ పూటకి పుస్తకం మూసేయండి. మర్నాడు పొద్దున ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

పది నిమిషాల పరీక్ష

వారం తర్వాత ఇవి ఇవ్వండి. జవాబు తప్పయితే ఎక్కడికి వెనక్కి వెళ్లాలో పక్కనే రాశాను.

- 0.7 + 0.5 = 1.2. 0.12 అంటే గోడ ఇంకా ఉంది, రెండో పనికి వెళ్లండి.
- 5 – 0.8 = 4.2. 5.8 అనో 4.8 అనో వస్తే 5.0 అని రాయించి మళ్లీ చేయించండి.
- 0.4 × 0.2 = 0.08. 0.8 అంటే చదరంలో నాలుగు వరుసలకు రంగు వేయించి, అందులో పదింట రెండు వంతులు ఎన్ని గళ్లో అడగండి.
- 0.5 × 0.8 = 0.4. 0.04 వస్తే సున్నా ముందే కొట్టేశాడు.
- 8.16 ÷ 8 = 1.02. 1.2 అంటే మధ్య సున్నా పోయింది.
- 2.5 కిలోల్లోంచి 750 గ్రాములు తీస్తే 1.75 కిలోలు. ఇది తప్పితే గుణకారాలు పక్కనపెట్టి, రేపు కూరగాయలకు వాణ్నే పంపండి.